వరసిండ్లకు వేసిన వైరు

టీవీ బొమ్మ బాగానే ఉందనీ, క్యాసెట్టు వేస్తేనే గీతలు పడుతున్నాయనీ మొదలాళి కృష్ణమూర్తి కబురు పంపాడు. టీవీలు బాగుచేసే మునీంద్ర మధ్యాహ్నం అన్నం తిని, సామాన్ల సంచి సైకిలుకు తగిలించుకుని, రైలు గేటు దాటి వచ్చాడు.

గేటు దాటితే నగరి ఊరు అయిపోయినట్టే ఉంటుంది. ఒక పక్క రేకుల షెడ్డు, అందులో కృష్ణమూర్తి మరమగ్గాలు. షెడ్డు వెనక సందుకు అటూ ఇటూ పనివాళ్ళ ఇళ్ళు. వాటిని వరసిండ్లు అంటారు. అవీ మొదలాళివే. యజమానిని ఇక్కడ అలాగే అంటారు. సందు మొదట్లో, అన్నిటికంటే ఎత్తుగా, ఆయన మిద్దె. మగ్గాలు ఆడినంతసేపూ ఆ సందులో ఎవరూ మామూలుగా మాట్లాడరు. కేకలు వేసుకుంటారు, లేకపోతే చేత్తో సైగ చేసుకుంటారు. ఆదివారం మగ్గాలు ఆగినా ఆ అలవాటు పోదు.

"రాప్పా మునీంద్రా. ఏందో దానికి రోగమొచ్చినాది, సూడు" అన్నాడు కృష్ణమూర్తి. యాభై దాటిన మనిషి. తెల్ల పంచె, బనీను, భుజం మీద తువ్వాలు. గొంతు ఎప్పుడూ పెంచడు.

మునీంద్ర నేల మీద గోనెపట్ట పరుచుకుని వీసీఆర్‌ను దాని మీదికి దించాడు. వెనక ఉన్న వైర్లు పీకకుండా జాగ్రత్తగా తిప్పాడు. ఆ వైర్లు పెట్టింది అతనే.

పోయిన వానాకాలంలో కేబులువాళ్ళు గేటు ఇవతలికి వైరు లాగేది లేదన్నారు. నెలనెలా కట్టే పనిలేని డిష్షు ఒకటి తెప్పించి మిద్దె మీద పెట్టించాడు కృష్ణమూర్తి. వరసిండ్లకు కూడా ఇవ్వమన్నాడు. ఆ ఇళ్ళలో ఉన్నవన్నీ పాత టీవీలు. ఏరియల్ వైరు గుచ్చే బొక్క తప్ప వాటికి ఇంకో దారి లేదు. డిష్షుతో వచ్చిన కొత్త డబ్బాకు ఉండే ఎర్ర, పసుపు, తెల్ల పిన్నులు వాటికి పట్టవు. ఏం చెయ్యాలా అని తల గోక్కుంటుంటే మిద్దెలో మూలన పడి ఉన్న ఈ వీసీఆర్ మునీంద్ర కంట పడింది. డబ్బా పిన్నులు దీని వెనక గుచ్చితే, ఆ బొమ్మను పాత టీవీ పట్టుకునేట్టు మార్చి ఇది ఏరియల్ వైరులోకి పంపుతుంది. ఆ ఒక్క వైరును సందు మధ్య స్తంభం దగ్గర చీల్చి ఇంటింటికీ ఇచ్చాడు. డబ్బాలో ఏ చానలు పెడితే అన్ని ఇళ్ళలోనూ అదే. రిమోటు మిద్దెలో ఉంటుంది. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. మద్రాసు వైపు తిప్పిన ఏరియల్‌తో చుక్కల మధ్య అరవ బొమ్మలు చూసినవాళ్ళు. తెలుగు సీరియలు కళ్ళకు కట్టినట్టు కనిపించేసరికి ఆ రోజు ప్రతి ఇంట్లోనూ మునీంద్రకు కాఫీ ఇచ్చారు. మొదలాళి చెయ్యి చల్లనిది అన్నారు.

మూత తీస్తే లోపల దూది. షెడ్డులోంచి ఎగిరివచ్చే నూలు దుమ్ము, క్యాసెట్టును చదివే తిరుగుడు హెడ్డు చుట్టూ బూడిదరంగు మీసంలా పట్టుకుని ఉంది. బ్రష్షుతో ఊడ్చాడు. మెత్తటి తోలుముక్కను స్పిరిట్‌లో తడిపి, హెడ్డుకు ఆనించి పట్టుకుని, రెండో చేతి వేలితో హెడ్డును మెల్లగా తిప్పాడు. తోలును కిందికీ పైకీ రుద్దకూడదు. రుద్దితే హెడ్డు పోతుంది. తోలు మీద నల్లటి గీత పడింది. ముక్క మార్చాడు. మళ్ళీ గీత. తోలు తెల్లగా వచ్చేదాకా మారుస్తూనే ఉన్నాడు.

"క్యాసెట్టు ఇస్తే ఏసి సూస్తాను సామీ."

కృష్ణమూర్తి బీరువాలోంచి ఒక క్యాసెట్టు తీసి ఇచ్చాడు. మునీంద్ర అది ఏదో పెండ్లి క్యాసెట్టు అనుకున్నాడు.

తెరమీద షెడ్డు గోడ కనిపించింది. గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. వీడియో లైటు కళ్ళలో కొట్టి ఆమె ముఖం ముడుచుకుపోయింది. రెండు చేతులతో నూలు కోను ఒకటి రొమ్ముకు ఆనించి పట్టుకుని ఉంది.

"నా పేరు సంతోషమ్మ. కండెలు సుట్టే పని. షెడ్డులో నూలు ఎత్తుకొని పోతా దొరికినాను. తప్పు చేసినాను. నా మాదిరి ఇంకెవరూ చెయ్యొద్దండి."

బొమ్మ ఆగి, గీతలు వచ్చాయి. అంతే.

మునీంద్ర చేతిలో తోలుముక్క అలాగే ఉంది. సంతోషమ్మ అతనికి తెలుసు. వరసిండ్ల మధ్యలో ఉంటుంది. మొగుడు చెంగయ్య ఇదే షెడ్డులో మగ్గం ఆడిస్తాడు. వైరు లాగిన రోజు నిచ్చెన పట్టుకున్నది ఆమే.

"ముఖం తెలస్తా ఉండాదే ఇప్పుడు" అన్నాడు కృష్ణమూర్తి సంతోషంగా. "మొన్నటిదాకా ఎవరో ఏమో అన్నట్టు ఉన్నింది."

"ఇది... యాడ ఏస్తారు సామీ?"

"యాడేంది? ఈడనే. పొద్దుగూకి సీరియలుకు ముందర ఒకసారి. అందరూ టీవీ కాడే ఉంటారు గదా." కృష్ణమూర్తి తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "నూలు తరిగిపోతా ఉండాదప్పా. పోలీసుల కాడికి పోయినానా? పోలా. పనిలోంచి తీసేసినానా? తియ్యలా. ఎవురి మీదన్నా చెయ్యి చేసుకున్నానా? ఒక మాట చెప్పించినాను. మా బామ్మరిది హరినాథ్ పెండ్లిళ్ళకు తీస్తాడు గదా వీడియో, వాని చేత తీపించినాను. ఇంతకంటే మెత్తగా ఇంకెవురన్నా చేస్తారా, నువ్వే చెప్పు."

మునీంద్ర మూత బిగించడం మొదలుపెట్టాడు. ఒక మర జారి గోనెపట్ట కిందికి పోయింది. దాన్ని వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"ఉండి సూసిపో. అన్ని ఇండ్లలో ఎట్ల వస్తా ఉండాదో నాకు చెప్పల్ల" అన్నాడు కృష్ణమూర్తి.

పొద్దుగూకింది. పగటి పనివాళ్ళు దిగి, రాత్రి పనివాళ్ళు ఎక్కారు. మునీంద్ర సందులోకి నడిచాడు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మొదటి ఇంట్లో జ్ఞానాంబ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ముసలామె, షెడ్డులో అందరికంటే పాత మనిషి. టీవీలో వార్తలు తెగిపోయి షెడ్డు గోడ కనిపించింది. జ్ఞానాంబ తల ఎత్తలేదు. చేటలో వేలు మాత్రం ఆగింది. మాట అయిపోయి సీరియలు పాట మొదలయ్యాక మళ్ళీ కదిలింది.

ఎదురింట్లో ప్రశాంతి బిడ్డకు అన్నం పెడుతోంది. ఆమె మూడేళ్ళ కింద కాపురానికి వచ్చిన పిల్ల, ఆమె కూడా కండెలు చుడుతుంది. బిడ్డ తెర వైపు చెయ్యి చాపి "అత్త!" అంది. ప్రశాంతి బిడ్డ మొహాన్ని తన వైపు తిప్పుకుని నోట్లో ముద్ద పెట్టింది.

సంతోషమ్మ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. మునీంద్ర దాటిపోదామనుకున్నాడు. కాళ్ళు ఆగాయి. లోపల ఆమె ఒక్కతే, టీవీకి ఎదురుగా, నేల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. టీవీ ఆపలేదు. ముఖం పక్కకు తిప్పుకోలేదు. అద్దంలో చూసుకున్నట్టు చూస్తోంది. చెంగయ్య వెనక వాకిట్లో వీపు ఇటు పెట్టి బీడీ తాగుతున్నాడు.

నీడ పడినట్టుంది. ఆమె తిరిగి చూసింది.

"ఈ పొద్దు ముఖం బాగ తెలస్తా ఉండాది" అంది. "నువ్వేనా బాగుచేసింది?"

మునీంద్ర గడప పక్కకు జరిగాడు. తల ఊపాడో లేదో అతనికే తెలియదు.

మర్నాడు పదకొండు గంటల వేళ ఆమె బస్టాండు పక్కన ఉన్న అతని అంగడికి వచ్చింది. లోపలికి రాలేదు. మెట్టు మీద నిలబడింది. మునీంద్ర ఒక పాత టీవీ వెనక మూత తీసి లోపలికి వంగి ఉన్నాడు.

"అక్కా, కూసో."

"కూసునేదానికి రాలా. ఒక్క మాట అడగాల. ఆ క్యాసెట్టు మా ఇండ్లకు రాకుండా చేసేదానికి అవుతాదా?"

"నీ ఇంటికి ఇచ్చిన వైరు ఇప్పేస్తాను. నీకు కనపడదు."

"నాకు కనపడకపోతే ఏం లాభం? పక్కింట్లోంచి నా గొంతు ఇనపడతాది."

మునీంద్ర సోల్డరింగు కడ్డీని పక్కన పెట్టాడు. "అది ఏసేది ఆయన గదక్కా. నేను వైరు ఏసినాను, అంతే."

"ఆ వైరులోనే గదా నేను వచ్చేది."

బస్సొకటి హారను కొడుతూ పోయింది. అది పోయేదాకా ఆమె ఆగింది. తర్వాత మెట్టు మీదే, కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. చెప్పాలనుకుని వచ్చినట్టు లేదు.

"కండె అడుగున గజమో రెండు గజాలో నూలు మిగులుతాది. మగ్గం దాన్ని తీసుకోదు. పీకి పారెయ్యాల. పారేసేదాన్ని సుట్టేవాళ్ళం ఒడిలో ఏసుకుంటాం. మా అత్త ఏసుకున్న్యాది, వాళ్ళత్త ఏసుకున్న్యాది. పెద్ద మొదలాళి ఉన్నప్పుడు, ఈయన నాయన, ఆయనే పిలిచి ఇస్తా ఉన్న్యాడు. తిరుచానూరులో పూలమ్మేవాళ్ళు తీసుకుంటారు, మాలలు కట్టేదానికి."

"తెలుసక్కా."

"అందరూ ఉండ చేసి ఇస్తారు. ఆ పూలామె చిక్కు తీసుకోలేక తిట్టుకుంటాది. నాకు ఆ చిక్కు సూస్తే చెయ్యి ఊరుకోదు. తునక తునకకూ ముడేసి ఉత్త కోను మీద సుట్టినాను. ఎన్ని పొద్దులు పట్టిందో." ఆమె నవ్వబోయినట్టు అయింది. "షెడ్డు గేటు కాడ హరినాథ్ సంచి పట్టుకున్న్యాడు. కొత్త కోనని అనుకున్న్యారు."

"ఇప్పి సూపించలేదా?"

"సూపించినా. అన్నీ ముడులే సామీ, సూడండని అన్న్యా. మొదలాళి నాలుగు సుట్లు ఇప్పినాడు. ఒక్క ముడి చేతికి తగల్లా. ఇంగ ఇప్పలేక ఇసుగొచ్చి ఇడిసిపెట్టినాడు." ఆమె వేలికి చుట్టుకున్న కొంగును విప్పింది. "నా ముడి తగలదు. పాడు ముడి."

"మరెందుకు ఒప్పుకున్న్యావు?"

"మా ఆయన మగ్గం గూడా ఆపేస్తానని అన్న్యాడు. ఉండే ఇల్లు గూడా ఆయనదే. ఒక్క మాట, చెప్పేస్తే అయిపోతాది అన్న్యాడు. అయిపోయే మాటే గదా అని చెప్పినా." ఆమె గొంతు తగ్గింది. "అది రోజూ చెప్తా ఉంటానని నాకేం తెలుసు?"

మునీంద్ర కడ్డీని మళ్ళీ చేతికి తీసుకుంటుండగా రేడియో బాగుచేయించుకోవడానికి ఎవరో వచ్చారు. అతన్ని పంపేసి చూస్తే మెట్టు ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం అతని తల్లి భారతమ్మ రాగిముద్ద పళ్ళెంలో పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. ఆమె కూడా ఒకప్పుడు ఆ షెడ్డులోనే కండెలు చుట్టింది. ముద్ద అలాగే ఉండడం చూసి, ఏందిరా అని అడిగింది. అతను చెప్పాడు.

భారతమ్మ పులుసు గిన్నెకు మూత పెట్టింది. "సిన్నప్పుడు నీకు కట్టిన మొలతాడు ఏ నూలు అనుకున్న్యావు?" అంది. "అప్పుడు నేను గూడా దొంగనే."

"అట్లంటావేంది మా."

"మిగతావాళ్ళు నోరిప్పలేదా? మేమూ తీసుకుంటామని ఒక్కరన్నా చెప్పలేదా?"

"చెప్తే వాళ్ళ ముఖాలు గూడా టీవీలో వస్తాయి గదా."

"నీ ముఖం రాదు గదరా" అంది భారతమ్మ. "నువ్వు కండెలు సుట్టలేదు."

శనివారం మునీంద్ర పిలవకుండానే మిద్దెకు వెళ్ళాడు. వచ్చిన పని ఏమిటో చెప్పడానికి ముందు డిష్షు దగ్గర వైరు బిగువు చూశాడు. డబ్బా మీద దుమ్ము తుడిచాడు. కృష్ణమూర్తి ఊయల బల్ల మీద కూర్చుని పంచాంగం చూస్తున్నాడు.

"సామీ, ఆ సంతోషమ్మది... ఇంక సాలేమో."

"ఏంది సాలేది?"

"అడుగు నూలు తీసుకునేది ఎప్పటినుంచో ఉండేదే గద సామీ. అందరూ..."

కృష్ణమూర్తి పంచాంగం మూశాడు. మూసి, మెల్లగా అడిగాడు. "అందరూ అంటే ఎవరెవరు? చెప్పు. నాకు కావాల్సింది అదే. పేర్లు చెప్పు, సంతోషమ్మది ఈ పొద్దే ఆపేస్తా."

మునీంద్ర నోరు తెరిచాడు. జ్ఞానాంబ చేట, ప్రశాంతి చేతిలో ముద్ద కళ్ళ ముందు కదిలాయి. నోరు మూసుకున్నాడు.

"సూడప్పా. షెడ్డులో అడుగు నూలు ఇప్పుడు కుప్పగా పడి ఉండాది. ఎవురూ తాకడంలా. నూలు తరిగేది నిలిచిపోయినాది. నాకు పని జరిగినాదా లేదా? నీ పని వైరు. వైరు వరకు సూసుకో." కోపంగా అనలేదు. మంచి మాట చెప్పినట్టే చెప్పాడు. "ఆఁ, మరిచేపోతిని. ఇండ్లలో బొమ్మ మసకగా ఉండాదంట, జ్ఞానాంబ చెప్పినాది. ఏదో బూస్టరు అంటారే, అది ఒకటి తగిలించు. రేపు ఆదివారం, మగ్గాలు ఉండవు. నిదానంగా చెయ్యొచ్చు."

బయటికి వస్తుంటే సందులో పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక పాప గోడకు ఆనుకుని ఉత్త కోను ఒకటి రొమ్ముకు ఆనించి పట్టుకుంది. ఇంకొకడు చెయ్యి కన్నుకు అడ్డంగా గొట్టంలా పెట్టుకుని వంగి చూస్తున్నాడు. "నా పేరు సంతోషమ్మ" అని పాప మొదలుపెట్టింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ సరిగ్గా అలాగే. నీళ్ళ బిందెతో ఎదురుగా వస్తున్న సంతోషమ్మ అది విని ఒక పక్కకు ఒదిగి, పిల్లల ఆట చెడకుండా దాటిపోయింది.

మునీంద్ర సైకిలు ఎక్కకుండా గేటుదాకా నడిపించుకుంటూ పోయాడు.

ఆదివారం సాయంత్రం అతను బూస్టరు, నిచ్చెన తెచ్చుకున్నాడు. మెడలో గుడ్డతాడుతో వేలాడేసుకున్న చిన్న బ్యాటరీ టీవీ ఒకటి. అరచెయ్యంత తెర, నలుపు తెలుపు. నిచ్చెన మీద ఉండగానే వైరులో బొమ్మ ఉందో లేదో చూసుకోవడానికి.

మగ్గాలు లేక సందు వింతగా ఉంది. కాకి అరిస్తే వినిపిస్తోంది. స్తంభానికి నిచ్చెన ఆనించి ఎక్కి, వైరు కోసి, మధ్యలో బూస్టరు పెట్టి బిగించాడు. మిద్దె లోపల వీసీఆర్ దగ్గర హరినాథ్ కూర్చున్నాడు. కృష్ణమూర్తి వరండాలోకి వచ్చి నిలబడి, లోపలికి చూసి "ఎయ్యరా" అన్నాడు.

మునీంద్ర చిన్న టీవీకి వైరు తగిలించాడు. షెడ్డు గోడ, కోను, సంతోషమ్మ. బొటనవేలి గోరంత ముఖం. అయినా కనుబొమల మధ్య ముడత కూడా తెలుస్తోంది. బూస్టరు బాగా పనిచేస్తోంది. అతను బాగా చేశాడు.

"అడగప్పా ఇండ్లలో" అన్నాడు కృష్ణమూర్తి.

మునీంద్ర మొదటి ఇంటి వైపు తిరిగి కేక వేశాడు. "జ్ఞానాంబమ్మా! బొమ్మ వచ్చినాదా?"

జ్ఞానాంబ చెయ్యి తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

"రాలా నాయనా."

మునీంద్ర చిన్న టీవీ వైపు చూశాడు. బొమ్మ ఉంది. ముసలామె ఇంట్లో టీవీకి ఏదో అయి ఉంటుందనుకున్నాడు. స్పానరుతో బిగించినదాన్నే ఇంకొంచెం బిగించాడు. "ఇప్పుడు?"

"సుక్కలే."

"ప్రశాంతీ, మీ ఇంట్లో?"

ప్రశాంతి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆమె ఎదురు గడపలో ఉన్న జ్ఞానాంబను చూసింది. తర్వాత నిచ్చెన వైపు చూసింది. "మా ఇంట్లో గూడా రాలేదన్నా" అంది. పక్కింటివాళ్ళు అడగకముందే చెప్పారు, రాలేదని. వాళ్ళ పక్కన, రాలా. ఆ చివర నుంచి ఎవరో మగగొంతు, "బుస్సుమంటా ఉండాది, బొమ్మా లేదు బొరుసూ లేదు!" ఒక్కొక్కరే గడపల్లోకి వస్తున్నారు. మామూలుగా అయితే ఇంట్లోంచే కేక వేసేవాళ్ళు.

మునీంద్ర నిచ్చెన మీద ఒక మెట్టు దిగాడు. తెరిచిన తలుపుల్లోంచి టీవీల బుస్సు శబ్దం వినిపిస్తోంది. అన్ని ఇళ్ళలోనూ బొమ్మ రాకుండా చానలు మర తిప్పేసి ఉన్నారు. అది అతనికి అప్పుడు అర్థమైంది. మెడలో వేలాడే టీవీలో సంతోషమ్మ నోరు కదులుతూనే ఉంది.

ఒక్క ఇంట్లోంచి మాత్రం బుస్సు రావడం లేదు. మాట వస్తోంది. *తప్పు చేసినాను. నా మాదిరి ఇంకెవరూ...* స్తంభం దగ్గర ఉన్న అతనికి బాగా వినిపిస్తోంది. వరండాదాకా పోతుందో లేదో తెలియదు. చెంగయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. అతని వెనక సంతోషమ్మ వచ్చి నిలబడింది. సందులో ఇంతమంది ఎందుకు నిలబడ్డారో ఆమెకు తెలిసినట్టు లేదు. ఒక్కో గడపనూ చూస్తోంది. ఆ గడపల్లోని ఆడవాళ్ళు ఈసారి కళ్ళు దించుకోలేదు.

కృష్ణమూర్తి వరండా మెట్లు దిగాడు.

"ఏందిది? నా ఇంట్లో నిప్పు మాదిరి వస్తా ఉండాది. ఎవురికీ రాకుండా యాడికి పోతాది?" సందు మొదట్లో ఆగి, చూపు తిప్పి, ఒక చోట నిలిపాడు. "సంతోషమ్మా. నువ్వు చెప్పు. నువ్వింక నా కాడ అబద్ధం చెప్పవు. నీ ఇంట్లో వచ్చినాదా, లేదా?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. జ్ఞానాంబ గడపను గట్టిగా పట్టుకుంది. ప్రశాంతి చంకలోని బిడ్డ ఏదో అనబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వచ్చింది అంటే అందరి మాటా పోతుంది. మిద్దెలో హరినాథ్ క్యాసెట్టు మళ్ళీ వెనక్కి తిప్పి వేశాడు. సంతోషమ్మ ఇంట్లోంచి మొదలైంది. *నా పేరు సంతోషమ్మ...*

చెంగయ్య లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. పెళ్ళాన్ని భుజంతో కొద్దిగా పక్కకు జరిపి లోపలికి పోయాడు. రెండు అడుగుల చప్పుడు. మర తిరిగిన టకటక. మాట మధ్యలో తెగిపోయి, బుస్సుమంది.

సంతోషమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ బుస్సును కాసేపు విన్నది.

"రాలా సామీ" అంది. "సుక్కలే."

కృష్ణమూర్తి సందులోకి నడిచాడు. జ్ఞానాంబ ఇంటి ముందు ఆగాడు. ఆ ఇళ్ళు కట్టించినవాడు గానీ, ఎప్పుడూ గడప దాటి లోపలికి పోయినవాడు కాడు. జ్ఞానాంబ రమ్మనలేదు, పక్కకు జరగలేదు. ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. తెరనిండా చుక్కలు. ప్రశాంతి ఇంట్లోకి చూశాడు. చుక్కలు. నిచ్చెన దగ్గరికి వచ్చి తల ఎత్తాడు.

కృష్ణమూర్తి వస్తుండగానే మునీంద్ర బొటనవేలు చిన్న టీవీ పక్కనున్న చానలు చక్రం మీద ఉంది. చక్రం వెంట్రుకవాసి కదిలింది.

"నీ దాంట్లో?"

మునీంద్ర మెడలోంచి టీవీ తీసి కిందికి వంచి చూపించాడు. చుక్కలు.

"ఏందప్పా ఇది? మొన్ననే గదా బాగుచేసినావు?"

"హెడ్డు పోయినాది సామీ." అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మొన్న నేనే ఎక్కువ రుద్దినట్టుండాను. మిద్దెలో కనిపిస్తాది గానీ ఇంతదూరం లాగే బలం దానికి లేదు. డబ్బా బొమ్మ అయితే వస్తాది. క్యాసెట్టు బొమ్మ రాదు. తప్పు నాదే."

"నీది తప్పా?"

"నాదే సామీ."

"కొత్త వీసీఆరు తెప్పిస్తే?"

"ఇప్పుడు యాడ అమ్ముతా ఉండారు? తిరుపతిలోనే ఎత్తేసినారు."

కృష్ణమూర్తి అతన్ని చాలాసేపు చూశాడు. తర్వాత సందు అటు చివరినుంచి ఇటు చివరిదాకా ఒక్కో గడపనూ చూశాడు. రేపు తెల్లవారితే మగ్గాల దగ్గరికి రావలసినవాళ్ళు వీళ్ళే. అన్ని ఇళ్ళలోంచీ ఒకటే బుస్సు, వాన పడుతున్నట్టు.

"నీ చేతి పని మంచిదని పది మందికి చెప్పినా నేను" అన్నాడు మునీంద్రతో. "ఇంగ చెప్పను. ఈ పొద్దుతో నీకూ నాకూ సరి." భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకుని మిద్దె వైపు నడిచాడు. మెట్లు ఎక్కుతూ, తల తిప్పకుండా, "ఆపేసి డబ్బా పెట్టరా" అన్నాడు లోపలికి.

మునీంద్ర చక్రం వెనక్కి తిప్పాడు. అరచేతిలో సంతోషమ్మ ముఖం ఒక్క క్షణం కనిపించి పోయింది. ఆ చోట ఎవరో వార్తలు చదువుతున్నారు. గడపలు ఖాళీ అవుతున్నాయి. ఇళ్ళలో మరలు తిరుగుతున్నాయి, టకటక, టకటక, ఒకదాని వెంట ఒకటి.

అతను నిచ్చెన మీద నిలబడి ఎవరి పేరూ పెట్టకుండా కేక వేశాడు.

"వచ్చినాదా?"

"వచ్చినాది!"

రెండు వరసల్లోంచీ ఒక్కసారే వచ్చింది ఆ మాట. సంతోషమ్మ గొంతు అందులో ఉందో లేదో పట్టుకుందామని మునీంద్ర చెవి పెట్టి విన్నాడు. ఏది ఎవరిదో తెలియలేదు.